తవక్కుల్ పేరిట పథకం మానుకోవచ్చా?

మస్జిద్ కమిటీలో ఎవరైనా వచ్చే ఏడాది ఖర్చులకు లెక్క వేద్దామంటే, "అల్లాహ్ ఇస్తాడు, మీకెందుకు కంగారు?" అనే జవాబు తరచుగా వినిపిస్తుంది. అడిగినవాని విశ్వాసమే బలహీనమన్నట్లు మిగిలినవారు చూస్తారు. ముందుగా పథకం వేసుకోవడం నిజంగా తవక్కుల్‌కు విరుద్ధమా?

సంస్థల నిర్వహణ గురించి రాసినవారు పథక రచనను మొదటి పనిగా చెబుతారు. ఫ్రాన్సుకు చెందిన హెన్రీ ఫయోల్ 1916లో నిర్వహణను ఐదు పనులుగా విభజించి, దానికే మొదటి స్థానం ఇచ్చాడు. గమ్యం ఏమిటి, ఏ పని ఎవరు చేయాలి, ఎంత ఖర్చవుతుంది, అనుకున్నది జరగకపోతే దారేమిటి అన్నవే అందులోని ప్రశ్నలు. విశ్వాసికి అభ్యంతరకరమైనదేదీ వీటిలో లేదు.

క్రీ.శ. 622 నాటి హిజ్రత్‌నే చూద్దాం. మదీనా మక్కాకు ఉత్తరాన ఉంది. దైవప్రవక్త (స) మాత్రం ముందు దక్షిణాన ఉన్న సౌర్ గుహకు వెళ్లారు. హజ్రత్ అబూబక్ర్ (రజి) నాలుగు నెలల ముందు నుంచే రెండు ఒంటెలను మేపి సిద్ధంగా ఉంచారు. ఆయన కుమారుడు అబ్దుల్లాహ్ పగలంతా మక్కాలో మాటలు విని, రాత్రికి గుహకు కబురు తెచ్చేవారు. ఆమిర్ బిన్ ఫుహైరా మందను అటు తోలుకువచ్చేవారు. పాలు అందేవి, అడుగుజాడలూ చెరిగిపోయేవి. దారి చూపడానికి కుదుర్చుకున్న అబ్దుల్లాహ్ బిన్ ఉరైఖిత్ అప్పటికి ముస్లిం కాదు. అయినా నమ్మదగినవాడు, దారులు బాగా తెలిసినవాడు. మూడు రాత్రుల తర్వాత ఒంటెలతో రమ్మని అతనికి ముందే చెప్పి ఉంచారు. ఇంత చేసినా శత్రువులు గుహ ముందు దాకా వచ్చారు. విచారించవద్దని, అల్లాహ్ తోడుగా ఉన్నాడని ప్రవక్త (స) తన సహచరునికి ధైర్యం చెప్పింది అప్పుడే. మానవ ప్రయత్నమంతా పూర్తయిన చోట పలికిన మాట అది.

యూసుఫ్ సూరాలో హజ్రత్ యఅఖూబ్ (అ) కుమారులను వేర్వేరు ద్వారాల గుండా పట్టణంలోకి వెళ్లమన్నారు. అదే ఆయతులో తన నమ్మకం అల్లాహ్ పైనే అని కూడా చెప్పారు. అదే సూరాలో హజ్రత్ యూసుఫ్ (అ) ఏడేళ్ల పంటను వెన్నుల్లోనే నిల్వ చేయమన్నారు. ఆ ధాన్యం కరువులో ప్రజల ప్రాణాలు నిలపడానికి.

మా దృష్టిలో అసలు విషయం ఇక్కడే ఉంది. ఆధారపడినవారెవరూ లేని ఒంటరి ఫకీరు రేపటికి ఏమీ దాచుకోకపోతే ఆ ఆకలి అతనిదే. సంస్థ సంగతి వేరు. రంజాన్‌లో వచ్చిన చందా మీనార్ రంగులకు ఖర్చయి, షవ్వాల్ నుంచి ఇమామ్ గారి జీతం ఆగిపోతే పస్తుండేది కమిటీ సభ్యులు కాదు, ఇమామ్ గారి పిల్లలు. చందా అమానత్. దానికి లెక్క వేయకపోవడాన్ని తవక్కుల్ అనడం మాకు సమ్మతం కాదు.

అలాగని ప్రతి పథకమూ మంచిదని కాదు. ఖలమ్ సూరాలోని తోట యజమానులు కూడా పథకం వేసుకున్నారు. పేదలెవరూ తోటలోకి రాకముందే తెల్లవారుజామున వెళ్లి కోతలు ముగించాలనుకున్నారు. ఇన్షా అల్లాహ్ అనలేదు. వారు వెళ్లేసరికి తోట నాశనమై ఉంది. పొదుపు పేరిట మదర్సాలో అనాథ విద్యార్థుల భోజనానికి కోత పెట్టే బడ్జెట్లు కూడా ఆ కోవలోకే వస్తాయని మా అభిప్రాయం.