అక్కర లేని సేవ

ఒకరికి ఉపకారం చేయబోతే వాళ్లు వద్దంటారు. అది అన్యాయమా? ఎవరూ అడగని సేవ చేసి ఆదరణ కోరే హక్కు మనకు వుందా? ఈ ప్రశ్న నీతిశాస్త్ర గ్రంథాల్లో చర్చించదగినదిగా కనిపిస్తుంది గాని, నాకు మాత్రం ఒక చెక్కభజన పందిరి దగ్గర ఎదురైంది.

కర్నూల్లో తెలుగు పాఠాలు చెప్పుకునే నాకు శబ్దపరికరాల మీద ఆసక్తి. ఒక మిక్సరు, నాలుగు మైకులు, రెండు పెట్టె స్పీకర్లు కొనుక్కున్నాను. సెలవుల్లో వాటిని వేసుకుని నంద్యాల, ఆళ్లగడ్డల మీదుగా మైదుకూరు పక్క ఒక పల్లెకు పోయి, అక్కడి భజన బృందానికి ఉచితంగా సౌండ్ ఇంజనీరు పని చేసేవాణ్ణి. అలా మూడేళ్లు గడిచాయి. మొదట్లో కబురు చేసి పిలిచినవాళ్లు క్రమంగా కబురు చేయడం మానుకున్నారు. ఒక శ్రీరామనవమికి పిలుపు లేకుండానే పోయాను. అప్పటికే గొట్టం స్పీకర్లు వేపచెట్టుకు కట్టి వున్నాయి. భజనగురువు మర్యాదగానే అన్నాడు: “మీకు యాల సార్ ఈ కష్టం? మా పిల్లోడు ఉండాడు కదా.” ఆ రాత్రి నా పెట్టెలు విప్పలేదు. జనం వెనక కూచుని, అవమానాన్ని దిగమింగుకుంటూ భజన విన్నాను.

నా బాధకు నేను చెప్పుకున్న సమర్థన ఒకటే: “డబ్బు తీసుకోకుండా చేస్తున్నానే, ఇంకేం కావాలి?” ఈ వాదాన్ని కాస్త గీకి చూస్తే అడుగున దాత అహంకారం కనిపిస్తుంది. కూలికి పనిచేసేవాడి లెక్క సాయంత్రానికి తీరిపోతుంది. పని బాగాలేకపోతే మొగం మీదే చెప్పవచ్చు. ఊరికే చేసేవాడి లెక్క ఎన్నటికీ తీరదు. తీసుకున్నవాడు రుణగ్రస్తుడై, ఫిర్యాదు చేసే హక్కు కోల్పోతాడు.

నా పని మీద వాళ్లకు ఫిర్యాదు వుంది. ఆ సంగతి నాకు ఆ రాత్రి వినేటప్పుడే తెలిసింది. పాటలోని మాటలు స్పష్టంగా వినిపించాలని నేను చెక్కల మోతనూ గజ్జెల మోతనూ తగ్గించేవాణ్ణి. ఇది సాహిత్యం చదువుకున్నవాడి దురభిమానం. పాట అంటే నాకు మాటలే. చెక్కభజనలో అడుగూ, చెక్కా, గజ్జె మాటకు పక్కవాద్యాలు కావు. పాటకు అవే శరీరం. నేను స్పష్టత పేరుతో ఆ శరీరాన్ని కత్తిరిస్తూ వచ్చాను. గొట్టం స్పీకరులో గొంతు రేకుడబ్బాలోంచి వచ్చినట్టుంటుంది, నిజమే. కాని అది చేలు దాటి పక్క ఊరికి వినిపిస్తుంది, భజన మొదలైందని పిలుస్తుంది. నా పెట్టె స్పీకర్ల శ్రావ్యత పందిరి దాటేది కాదు. ఆ పిల్లవాణ్ణయితే “రేయ్, చెక్కల మోత పెంచు” అని కసరవచ్చు. సారును కసరలేరు కదా!

ఇంతకంటే సిగ్గుపడవలసిన విషయం మరొకటి వుంది. ఆ పిల్లవాడికి మైక్ సెట్ బాడుగే బతుకుతెరువు. వానలు నమ్ముకుని బతకలేని సీమలో పెళ్లిళ్లు, తిరునాళ్లు, భజనలు జరిగే ఆ కొద్ది నెలలే అతనికి పంటకాలం. నేను ఉచితంగా పనిచేసిన ప్రతి రాత్రీ అతని బాడుగ పోయింది. శ్రమదోపిడీ గురించి మిత్రులతో గంటలకొద్దీ వాదించే నాకు ఈ చిన్న లెక్క మూడేళ్లపాటు తట్టలేదు.

ఇలాంటి అనుభవం చరిత్రకు కొత్త కాదు. 1874 వేసవిలో రష్యా విద్యార్థులు వేలాదిగా రైతుల దగ్గరకు తరలిపోయారు. వాళ్ల త్యాగబుద్ధిని శంకించనక్కర లేదు. అయినా రైతులు చాలాచోట్ల వాళ్లను నమ్మలేదు; కొన్నిచోట్ల పోలీసులకు పట్టిచ్చారు కూడా. ప్రజలకు ఏం కావాలో ప్రజలను అడగకముందే నిర్ణయించుకుని పోవడం అందుకు ఒక ముఖ్య కారణం. దీనికి భిన్నమైన ఉదాహరణ మన కడప జిల్లాలోనే వుంది. 1885లో సురభి గ్రామంలో కీచకవధ ప్రదర్శనతో మొదలైన సురభి నాటక సమాజాల్లో వేషం వేసేవాళ్లూ, తెర లాగేవాళ్లూ, దీపాలు చూసేవాళ్లూ ఆ కుటుంబాలవాళ్లే. అక్కడ తెర లాగడం ఉపకారం కాదు, ఉమ్మడి బతుకులో ఒక వంతు. కనుక తెర లాగేవాడు కావలసినవాడా కాదా అన్న ప్రశ్నే పుట్టదు.

అయితే చదువుకున్నవాళ్లు ఇంట్లో కూచోవాలా? ప్రజలకు అన్నీ తెలుసు, మనం చెప్పేదేమీ లేదు అనే మిత్రులున్నారు. అది ప్రజల మీద గౌరవం కాదు, ముఖస్తుతి. నాకు తెలిసిన విద్య విద్యే. పైగా ఆ బృందం మౌనాన్ని కూడా నేను పూర్తిగా మెచ్చుకోలేను. ఒక్క ముక్క ముందే చెప్పివుంటే మూడేళ్ల పొరపాటు మూడు నెలల్లో దిద్దుకునేవాణ్ణి. కాని ఆ మౌనానికి మూలం “సార్” అన్న పిలుపులోనే వుంది. ఆ దూరం వాళ్లు సృష్టించింది కాదు. దాన్ని తగ్గించే బాధ్యత మొదట నాది.

తర్వాత ఒకనాడు ఆ పిల్లవాణ్ణి కలిసి, నావల్ల ఏమైనా పని వుందా అని అడిగాను. మైకు కూత పెట్టకుండా ఏం చెయ్యాలని అడిగాడు. స్పీకరు మొగం మైకు వైపు తిరగకూడదనీ, కూత పెట్టే స్వరాన్ని మాత్రం వెతికి తగ్గించాలనీ చూపించాను. గాలివాటాన్ని బట్టి గొట్టం ఏ కొమ్మకు కట్టాలో అతను నాకు చూపించాడు. భజనవాళ్లు నన్ను మళ్లీ పిలవలేదు. ఆ నొప్పి ఇంకా పూర్తిగా పోలేదని ఒప్పుకుంటాను. కాని నొప్పి వున్నంత మాత్రాన అన్యాయం జరిగినట్టు కాదు. సేవకు బయలుదేరే మనలో ప్రతివాడూ ముందుగా విచారించుకోవలసినవి రెండున్నాయి: ఈ పని చేయమని ఎవరడిగారు? దీనివల్ల ఎవరి కూలి పోతుంది?