వేలిముద్ర వేయకమునుపు

మూలవాక్యము: లేవీయకాండము 25:25–38



ఈ నెల ధ్యానమునకు మేమెన్నుకొనిన భాగము మన ఆరాధనలలో తరచుగా చదువబడదు. లేవీయకాండము అనగానే బలులు, అర్పణలు, శుద్ధి విధులు అని మనము పుటలు త్రిప్పివేయుదుము. అయితే ఈ 25వ అధ్యాయములో దేవుడు ఇల్లును గూర్చియు, పొలమును గూర్చియు, అప్పును గూర్చియు మాటలాడుచున్నాడు. దానిని మేము ఈ మధ్య క్రొత్తగా చదువవలసి వచ్చెను. ఎందువలననో మొదట చెప్పెదము.

గత వర్షాకాలములో మా సంఘమునకు చెందిన ఒక వృద్ధ విధవరాలు మూట చంకన పెట్టుకొని మందిరపు వసారాలోనికి వచ్చి పండుకొనెను. మేము ఆమెకు దుప్పటి ఇచ్చితిమి. రెండు పూటలు మా ఇంటనుండి అన్నము పంపితిమి. ఆదివారపు కానుకలలోనుండి కొంత తీసి ఆమె చేతిలో పెట్టితిమి. మా విధి నెరవేరినదనుకొంటిమి. పదియవ దినమున ఆమె మాతో ఇట్లనెను: “అయ్యగారూ, మీ అన్నం తిన్నాను, మీ దుప్పటి కప్పుకున్నాను. దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి. కాని ఆ కాగితం మీద నేను వేలిముద్ర వేసేముందు అందులో ఏముందో చదివి చెప్పే మనిషి ఒక్కడుంటే, ఇవాళ నా పంచన నేను పడుకునేదాన్ని గదా!”

భర్త జబ్బునకు చేసిన అప్పు అది. హామీ కాగితమని చెప్పి ముద్ర వేయించుకొనిరి. అందులో వ్రాసియున్నది ఇంటిస్థలము అమ్మకము. ఆ మాట విని మేము సిగ్గుపడితిమి. ఆమె ఇల్లు మందిరమునకు నాలుగు వీధుల అవతలనే ఉన్నది. ప్రతి క్రిస్మసుకు ఆ వాకిట నిలిచి పాటలు పాడితిమి. ఆమె పెనిమిటి మంచమున పడినప్పుడు ప్రార్థన చేసితిమి. అప్పు ఎంతైనదని మాత్రము ఒక్కనాడును అడుగలేదు.

ఆ రాత్రి ఈ అధ్యాయము తెరచితిమి. బీదవాడు వీధిలో పడిన తరువాత ఏమి చేయవలెనో చెప్పి ధర్మశాస్త్రము ఊరకుండదు. వాడు జారుచుండగానే పట్టుకొనుమని చెప్పును. 25వ వచనము చూడుడి: సహోదరుడు బీదవాడై తన భూమిని అమ్ముకొన్నయెడల సమీప బంధువు వచ్చి దానిని విడిపింపవలెను. 35 మొదలు 37 వరకు చూడుడి: వాడు నిరాధారుడైనప్పుడు దగ్గర నిలువబెట్టుకొనవలెను, వానియొద్ద వడ్డీ పుచ్చుకొనరాదు. ఇక 29 మొదలు 31 వరకు గల మాట పల్లెవారమైన మనము మరువరానిది. ప్రాకారముగల పట్టణములోని ఇల్లు అమ్మినవాడు ఒక సంవత్సరములో విడిపించుకొనవలెను. లేనియెడల అది కొన్నవానిదే. ప్రాకారములేని పల్లెలోని ఇల్లు అట్లు కాదు. అది పొలముతో సమానము. దానిని విడిపించుకొను హక్కు ఉండును. సునాదసంవత్సరమున అది తిరిగి రావలెను. పల్లెవాని ఇల్లు పోయినయెడల వాని బ్రతుకే పోవునని దేవుడెరుగును.

మన చీరాల నేతగాని ఇల్లు చూచినవారికి ఇది తేటగా తెలియును. గుంటమగ్గము ఇంటిలోపలనే యుండును. గుంటలోనికి వాననీరు దిగిన దినమున పడకయు పోవును, పనియు పోవును. ఇల్లు వేరు, జీవనోపాధి వేరు అని వానికి చెప్పజాలము.

ద్వితీయోపదేశకాండము 22:8లో మరియొక ఆజ్ఞ కలదు. క్రొత్త ఇల్లు కట్టువాడు మిద్దె చుట్టు పిట్టగోడ కట్టవలెను. లేనియెడల పడినవాని రక్తాపరాధము ఆ ఇంటిమీదికి వచ్చును. పడినవానికి కట్టు కట్టుట కనికరము. పడకుండ గోడ కట్టుట దేవుని ఆజ్ఞ. మేము ఆ తల్లికి కట్టు కట్టితిమి, గోడ కట్టలేదు.

ముందుగా కట్టిన గోడ ఎంత పని చేయునో మన తీరమే సాక్ష్యము. 1977 నవంబరు 19న తుపాను మన చీరాల సమీపముననే తీరము దాటెను. ఉప్పెన దివిసీమను ముంచివేసెను. సుమారు పదివేలమంది మరణించిరి. 1990 మే నెలలో మరియొక భయంకరమైన తుపాను కృష్ణానది ముఖద్వారము దగ్గర తాకెను. అప్పుడు చనిపోయినవారు వేయిమందికి లోపు. గాలి కనికరించినదా? సముద్రము మెత్తబడినదా? లేదు. హెచ్చరిక ముందుగా అందెను, తుపాను ఆశ్రయ భవనములు కట్టబడియుండెను, లక్షకు పైగా జనము ముందుగా తరలింపబడిరి.

అయితే మనుష్యుని ఇంటినుండి తరుమునది గాలివాన మాత్రమే కాదు. 1985 జూలై 17న మన పొరుగూరు కారంచేడులో మాదిగపల్లెమీద దాడి జరిగెను. ఆరుగురు చంపబడిరి. మిగిలినవారు చీరాలకు పరుగెత్తి వచ్చి చర్చి ఆవరణలో తలదాచుకొనిరి. ఆ దినమున మందిరపు వాకిలి తెరువబడియున్నందుకు దేవునికి స్తోత్రము. కాని ఆ కుటుంబములవారు మరల తమ ఊరికి పోయి కాపురము చేయజాలకపోయిరి. చీరాలలోని విజయనగర్ కాలనీయే వారికి ఊరైనది. 1989లో చేయబడిన అత్యాచారముల నిరోధక చట్టములో, షెడ్యూల్డు కులములవారిని గాని తెగలవారిని గాని తమ ఇల్లును, ఊరును విడిచిపోవునట్లు చేయుట నేరమని వ్రాయబడెను. అదియు ఒక పిట్టగోడయే. మనుష్యులు పడిన తరువాత కట్టబడెను. అయినను అది నిలిచియున్నది, దానిని మనము ఎరుగవలెను.

ఇప్పుడు దేశమంతటిని తలంచుదము. ఔగుస్తు కైసరు కాలమున జనసంఖ్య వ్రాయబడునప్పుడు, లెక్కకు వచ్చిన ఒక కుటుంబమునకు సత్రములో స్థలము దొరకలేదని లూకా వ్రాసెను. మన దేశములో 2011 జనగణనయందు ఫిబ్రవరి 28 రాత్రి ఇల్లు లేనివారిని లెక్కించిరి. రోడ్డు ప్రక్కన, వంతెన క్రింద, రైల్వే ప్లాట్‌ఫారముమీద, ప్రార్థనాస్థలముల ఆరుబయట పండుకొనువారు సుమారు 17 లక్షల 70 వేలమంది అని తేలెను. వారిలో 8 లక్షలకు మించినవారు పల్లెలవారే. మా వసారాలో పండుకొనిన తల్లి ఆ లెక్కలోనిదే.

ప్రభుత్వము ఏమియు చేయలేదని మేము అనము. ఇందిరా ఆవాస్ పథకము 1985లో మొదలాయెను. 2016లో దాని స్థానమున గ్రామీణ ప్రధానమంత్రి ఆవాస్ పథకము వచ్చెను. ఇంకను 2 కోట్ల ఇండ్లు కట్టవలెనని 2024లో కేంద్రము నిర్ణయించెను. 2013లో పట్టణములందు ఇల్లు లేనివారికొరకు రాత్రి ఆశ్రయముల పథకము పెట్టబడెను. ఇవన్నియు మేలే. అయితే ఇల్లు ఒక శాఖది, పట్టా మరియొక శాఖది, ఆశ్రయము ఇంకొక శాఖది. అప్పులో మునుగుచున్నవానిని ఇల్లు పోకమునుపే కనుగొను బాధ్యత ఎవరిది? ఈ ముక్కలన్నిటిని కలిపి, ఎవరును ఇల్లు కోల్పోకుండ కాపాడుట, కోల్పోయినవారికి త్వరగా ఇల్లు చేర్చుట అను ఒక్క జాతీయ ప్రణాళిక మన దేశమునకు కావలెను. ఫిన్లాండు దేశము 2008 మొదలుకొని ఈ త్రోవ పట్టెను. మొదట ఇంటి తాళము చేతికిచ్చి, తరువాత వైద్యము, పని, బుద్ధి చెప్పుట అను క్రమమున నడచి, ఏండ్ల తరబడి ఇల్లులేక తిరుగువారి సంఖ్యను చాలవరకు తగ్గించెను.

“పాదిరిగారికి పట్టాల సంగతి ఎందుకు? వాక్యము చెప్పిన చాలును” అని మా సంఘములో ఒక పెద్ద మమ్మును అడిగెను. మంచి మనస్సుతోనే అడిగెను. మేము నెహెమ్యా గ్రంథము 5వ అధ్యాయము తీసి ఆయనచేతనే చదివించితిమి. కరవులో జనులు పొలములును ఇండ్లును కుదువపెట్టి మొరపెట్టినప్పుడు, నెహెమ్యా వారికి ప్రార్థన మాత్రము చేసి పంపలేదు. పెద్దలను పిలిపించి, ఆ ఇండ్లును పొలములును ఆ దినముననే తిరిగి అప్పగింపుమని అడిగెను. యెరూషలేము గోడ కట్టుచున్న కాలముననే ఇది జరిగెను. ఇండ్లు పోగొట్టుకొనిన జనులకు ఊరిగోడ దేనికి?

దేశ ప్రణాళిక ఢిల్లీలో వ్రాయబడునంతవరకు మన చేతిలోని పని ఆగనక్కరలేదు. మా సంఘము చేయుచున్నది చెప్పెదము. ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత చదువుకొనిన యౌవనులు ఇద్దరు వసారాలో బల్ల వేసికొని కూర్చుందురు. ఎవరైనను ఏ కాగితముమీదనైనను వేలిముద్ర వేయకమునుపు అచ్చటికి తెచ్చి చదివించుకొనవచ్చును. రెండవది, ప్రతి కుటుంబము తన పట్టా ఎక్కడ నున్నదో చూచుకొని నకలు తీయించుకొనవలెనని చెప్పితిమి. ప్రభుత్వము బీదలకిచ్చిన అసైన్డు భూమి చేతులు మారకుండ 1977లోనే మన రాష్ట్రమున చట్టము చేయబడెను. తరువాత సవరణలు వచ్చి, ఇంటిస్థలములను కొంత గడువు దాటిన పిమ్మట అమ్ముకొను వీలు కలిగెను. గడువునకు ముందు వ్రాయించుకొనిన అమ్మకము చెల్లదు. ఆ సంగతి మేమెరిగియుండినయెడల ఆ తల్లి పది దినములు వానలో పండుకొనకపోవును. మూడవది, గ్రామసభలో ఇండ్ల జాబితా చదువునప్పుడు మనవారు తప్పక వెళ్లవలెను. ఇల్లు లేనివాని పేరు, వాడు ఏ మతస్థుడైనను, గట్టిగా చెప్పవలెను. నాల్గవది, 2027 జనగణనలో ఎవరును లెక్క తప్పకుండ చూడవలెను. మిరప కోతలకు దూర జిల్లాలనుండి వచ్చి కళ్లముల ప్రక్కన పట్టలు కట్టుకొని కాపురముండు కుటుంబములను ఊరివారు చూచియు చూడనట్లుందురు. మనము అట్లుండరాదు.

ఆ తల్లి విషయమై తహసీల్దారుగారికి దరఖాస్తు ఇచ్చియున్నాము. తీర్పు ఇంకను రాలేదు. మా సంఘములోని ఒక నేత కుటుంబము తమ ఇంట నూలు పెట్టుకొను గదిని ఖాళీచేసి ఆమెకిచ్చినది. ఆమె ఇప్పుడు వసారాలో లేదు. అయినను ఆమె పోగొట్టుకొనినది గది కాదు, తన వాకిలి. అది ఆమెకు తిరిగి వచ్చువరకు మా పని ముగిసినదని చెప్పజాలము.

ప్రియులారా, మన ప్రభువు పశువుల తొట్టిలో పరుండెను. తల వాల్చుకొనుటకు తనకు చోటు లేదని తానే చెప్పెను. ఈ వారము మీ వీధిలో ఒక్క ఇంటికి వెళ్లి, ప్రార్థన చేసి లేచునప్పుడు, మేము అడుగని ఆ ఒక్క ప్రశ్న అడుగుడి: “అమ్మా, అప్పు ఏమైనా ఉన్నదా? కాగితము ఎక్కడ ఉన్నది?”

పరలోకమందు మాకు నివాసములు సిద్ధపరచుచున్న ప్రభువా, భూమిమీద నీ బీదల వాకిండ్లను కాపాడుటకు మాకు చూపును, తెలివిని, ధైర్యమును దయచేయుము. ఆమేన్.