పైపూత - ప్రాయశ్చిత్తం

రత్నగిరి పాదాలను సేవిస్తూ పంపానది ప్రవహించే పుణ్యక్షేత్రం అన్నవరం. కార్తీక శుద్ధ ద్వాదశినాడు సత్యదేవుడు దేవేరితో కూడి తెప్పపై విహరించేది ఆ పంపాజలాలలోనే. గిరిపై వ్రతకథ వినే భక్తులకు మరొక నావ కూడా సుపరిచితమే. అది సాధువనే వైశ్యుని నావ.

చంద్రకేతు మహారాజు చెరనుండి విడుదలై, ధనరాశులతో ఇంటికి మరలుతున్న ఆ వైశ్యుని, నావలో ఏమున్నదని ఒక సన్న్యాసి ప్రశ్నించాడు. ఆకులు, అలములు తప్ప మరేమీ లేవని అతడు నవ్వుతూ బదులు చెప్పాడు. నీ మాట సత్యమగుగాక అన్నాడు యతి. నావ అట్లే అయినది. ఇక్కడ ఒక సందేహం కలుగుతుంది. అపరిచితునికి ధనం సంగతి చెప్పకపోవటం లోకజ్ఞత కాదా? దానికి ఇంత శిక్షయా? చెప్పకుండుట వేరు, ఉన్నదానిని లేదనుట వేరు. వైశ్యుడు మౌనం వహింపవచ్చును. అతడు బొంకినాడు.

దాచుట ఎప్పుడు దోషమగునో ఫైబరు పడవ చక్కగా బోధిస్తుంది. కాకినాడ, ఉప్పాడ తీరాలలో మత్స్యకారుల జీవనం నేడు ఎక్కువగా ఈ పడవలమీదనే సాగుతున్నది. గాజునారను రెసిన్‌తో తడిపి, పొరపై పొర పేర్చి, వెలుపల నున్నని పూత ఉంచి వీటిని నిర్మిస్తారు. కొయ్యకు వలె దీనికి పురుగు పట్టదు, కుళ్ళు లేదు. అయినను ఏళ్ళు గడచిన కొలది నీరు పూతగుండా లోనికి ఊరుతుంది. బొబ్బలు లేస్తాయి, పొరలు విడిపోతాయి. చిన్న సుత్తితో తట్టిచూస్తే గట్టిచోట ఖంగుమని మ్రోగుతుంది, చెడినచోట మొద్దుగా పలుకుతుంది.

అప్పుడు యజమాని ఎదుట రెండు మార్గాలున్నవి. బొబ్బలు గీకి, రంగు పూసి, క్రొత్తదానివలె అమ్మవచ్చును. కొన్నవాడు తన బిడ్డలతో దానిలో సముద్రానికి పోతాడు. ఆ మెరుపు కేవలం అలంకారం కాదు, ప్రాణాలతో పలికిన బొంకు.

రెండవది శ్రమతో కూడిన మార్గం. చెడిన పొరలను గట్టి పొర తగిలేవరకు అరగదీయాలి. అంచును నిలువుగా గాక, మందానికి పన్నెండు రెట్ల వెడల్పున ఏటవాలుగా తీయాలి. అప్పుడే క్రొత్తపొరకు విశాలమైన పట్టు దొరుకుతుంది. మంచినీటితో కడిగి, తేమ పోయేవరకు వారాల తరబడి ఆరనీయాలి. ఆ పిమ్మటనే క్రొత్త నార, రెసిన్ పొరలు పరచి, గాలిబుడగలు లేకుండా అదమాలి. పైపూత అన్నిటికంటె చివరిది. తడి ఆరకముందే అతికినది ఎంత ఖరీదైనదైనా నిలువదు.

ప్రాయశ్చిత్తమునకును ఇదే క్రమం. చేసిన దోషాన్ని గుర్తించి ఒప్పుకొనక, దానిపై దానములు, వ్రతములు పరచినవాడు తడిమీద అతికినవాడే. సాధువైశ్యుడు మొదట యతి పాదాలపై పడి తన అపరాధాన్ని చెప్పుకొన్నాడు. తరువాతనే అతని ధనం తిరిగివచ్చినది.

అయితే సత్యమనే పేరుతో అన్నిటినీ చెక్కివేయటమూ ధర్మం కాదు. నేర్పరి గట్టిపొర కనిపించగానే చేయి ఆపుతాడు. ఆపలేనివాడు మంచిభాగాన్ని కూడ తొలిచి పడవను బలహీనం చేస్తాడు. దారి తప్పిన కుమారుని దండించే తండ్రికి, పరుల లోపాలను ఎంచేవారికి ఇది హెచ్చరిక. దోషం ఎంతవరకున్నదో అంతవరకే మాట తాకవలెను. వారిలో మిగిలిన మంచిమీదనే క్రొత్త నడవడి అతుకుకొనవలసి ఉన్నది.

చక్కగా అతికిన పడవకు మచ్చ ఉండుట లజ్జాకరం కాదు. అమ్మేవాడు ఇది అతికిన చోటని చూపి అమ్మితే, ఆ మచ్చయే నమ్మకమవుతుంది. స్వామి నామమే సత్యము. ఆయన వ్రతపీఠం ఎదుట కూర్చున్న గృహస్థుడు తన హృదయాన్ని ఒకసారి తట్టి, అది మ్రోగుచున్నదో, మొద్దుగా పలుకుచున్నదో వినుటయే ఆ వ్రతమునకు మొదటి పూజ.