మేస్త్రీ చదువు

యూనివర్సిటీలో చేరిన కొత్తల్లో సెలవులకు ఇంటికెళ్తే మా అమ్మ అడిగింది. "ఏం సదువుతున్నావు నాయనా?"

మానవ వనరుల నిర్వహణ అంటే ఆమెకేం తెలుస్తుంది? "మనుషుల్ని పనిలో ఎట్లా పెట్టుకోవాలి, వాళ్లచేత పని ఎట్లా చేయించాలి, అది చెబుతారమ్మా" అన్నాను. మా అమ్మ పొగాకు గ్రేడింగుకు పోయేది. రంగును బట్టి, సైజును బట్టి, మచ్చను బట్టి ఆకును వేరుచేసే పని. "అంటే మేస్త్రీ సదువా? దానికి యూనివర్సిటీ ఎందుకురా, మా మేస్త్రీ ఐదో తరగతి కూడా సదవలా" అని నవ్వింది. కాసేపాగి, "మేస్త్రీలెవురూ మనోళ్లు గాదు గదా. నువ్వన్నా అయితే మంచిదే" అంది.

ఆ రెండు మాటలూ ఇన్నేళ్లూ నన్ను వదల్లేదు. మొదటి మాటకు నా రెండేళ్ల చదువు జవాబు చెప్పలేకపోయింది. రెండో మాట ఎంతవరకు నిజమో తేల్చుకుందామనే ఇది రాస్తున్నాను.

ముందు ఆ పేరు సంగతి. నీళ్లు వనరు, బొగ్గు వనరు, అడవి వనరు. వనరు తనకోసం తాను ఏదీ అడగదు. దాన్ని వాడుకునేవాడు వేరే ఉంటాడు. మనిషిని ఆ వరసలో చేర్చాక వాడుకునేదెవరు, వాడుకోబడేదెవరు అన్న ప్రశ్న రావాలి గదా? మా పుస్తకాల్లో రాలేదు. మా తాత పాలేరు. ఆసామి తన కలిమి చెప్పుకునేటప్పుడు ఇన్నెకరాలు, ఇన్ని జతల ఎడ్లు, ఇంతమంది పాలేర్లు అని ఒక్క వరసలో చెప్పేవాడట. మా సబ్జెక్టు పేరు వింటే మా తాతకు అందులో కొత్తేమీ కనిపించేది కాదు.

మేనేజ్‌మెంటు శాస్త్రానికి మూలపురుషుడని మాకు చెప్పిన ఫ్రెడరిక్ టేలర్ 1911లో ఒక పుస్తకం వేశాడు. అమెరికాలో బెత్లెహెం ఉక్కు కంపెనీలో ఇనుప దిమ్మెలు మోసే కూలీ రోజుకు 12.5 టన్నులు మోసేచోట, తన పద్ధతిలో 47.5 టన్నులు మోశాడని రాశాడు. కూలి 1.15 డాలర్ల నుంచి 1.85 డాలర్లకు పెరిగింది. పని దాదాపు నాలుగింతలయింది. కూలి రెండింతలు కూడా కాలేదు. ఈ లెక్కలు క్లాసులో చెప్పారు. ఆ పనికి తగినవాడు బుద్ధిలో ఎద్దును పోలినవాడై ఉండాలని కూడా టేలర్ రాశాడు. అది మాత్రం చెప్పలేదు. లైబ్రరీలో అసలు పుస్తకం తీసి చదివితే కనపడింది. ఎడ్ల పక్కన మా తాతను లెక్కగట్టిన ఆసామి నాకక్కడ ఇంగ్లీషులో ఎదురయ్యాడు.

ఒకరోజు క్లాసులో లేచి అడిగాను. "సార్, మన దేశంలో ఎవరు ఏ పని చేయాలో కులం ఎప్పుడో చెప్పేసింది. అది మన సిలబస్‌లో ఏ యూనిట్‌లో ఉంది?" "అది సోషియాలజీ వాళ్ల సబ్జెక్టు" అన్నారు సారు. క్లాసంతా నవ్వింది.

కులం పనిని పంచి ఊరుకోదు, పనిచేసేవాళ్లనే ఒకరి కింద ఒకరుగా మెట్లుగట్టి విడదీస్తుందని అంబేద్కర్ 1936లోనే 'కుల నిర్మూలన'లో తేల్చి చెప్పారు. ఈ దేశంలో మనుషుల్ని పనిలో పెట్టుకునేవాడు మొట్టమొదట చదవాల్సిన పాఠం అది. అంతేకాదు, 1942 నుంచి 1946 దాకా వైస్రాయి కౌన్సిల్లో కార్మిక శాఖ చూసింది ఆయనే. ఫ్యాక్టరీల్లో వారానికి 54 గంటల పనిని 48 గంటలకు దించిన 1946 సవరణ బిల్లు పెట్టిందీ ఆయనే. మా కార్మిక చట్టాల పేపర్లో ఆ 48 గంటలు ఉన్నాయి, ఆయన పేరు లేదు. 2025 నవంబరు 21 నుంచి కేంద్ర కార్మిక చట్టాలు చాలావరకు నాలుగు కోడ్లలో కలిసిపోయాయి. ఇకమీదట చదివే పిల్లలకు ఆ పేరు ఇంకెంత దూరమవుతుందో!

ఇంతవరకూ చెప్పింది ఇతరుల తప్పు. చెప్పడం తేలిక. ఇక నా సంగతి చెప్పాలి.

రెండో ఏడు ప్రాజెక్టు పనికి నన్నొక నూలు మిల్లుకు పంపారు. అక్కడి ఆఫీసరు మంచివాడే. మధ్యాహ్నం తన క్యారియర్లోంచి నాకు కూర వేసేవాడు. నా కులం అడగలేదు. నేనూ చెప్పలేదు. చెప్పకపోవడంలో ఉన్న సుఖానికి నెల రోజుల్లోనే అలవాటు పడ్డాను. సూపర్‌వైజర్ ట్రైనీ ఉద్యోగాలకు రెండొందల పైచిలుకు దరఖాస్తులొచ్చాయి. నలభై మందిని ఇంటర్వ్యూకు పిలవాలి. ఆ కట్ట నా ముందు పెట్టి, "మన వాతావరణానికి సరిపోయేవాళ్లను ఏరు" అన్నాడు.

అందులో ఒక దరఖాస్తు ఉంది. డిగ్రీ ఫస్ట్ క్లాసు. చదివింది సోషల్ వెల్ఫేర్ హాస్టల్లో. అడ్రసులో ఎస్సీ కాలనీ అని ఉంది. నా దరఖాస్తు కూడా అట్లాగే ఉంటుంది. చాలాసేపు చేతిలో పట్టుకుని కూర్చున్నాను. ఈ అబ్బాయిని ఎంచితే ఎందుకెంచావని అడుగుతారేమో, అడిగితే నేనెవరో తెలిసిపోతుందేమో! భయమేసింది. పక్కన పెట్టి, కారణం దగ్గర 'కమ్యూనికేషన్ తక్కువ' అని రాశాను.

ఆ అబ్బాయి మాట నేను వినలేదు. వినకుండానే మాట రాదని రాశాను. ఆఫీసరు ఆ కాగితం చూసి, "నీకు పని పట్టుబడింది" అన్నాడు.

ఎస్సీలను తీసెయ్యమని నాకెవరూ చెప్పలేదు. ఆ గదిలో కులం అన్న మాటే పుట్టలేదు. సరిపోవడం, నేపథ్యం, కమ్యూనికేషన్ లాంటి శుభ్రమైన మాటలతోనే పనంతా జరిగిపోయింది. సుఖదేవ్ థోరట్, పాల్ అట్‌వెల్ చేసిన పరిశోధన 2007లో అచ్చయింది. చదువూ అర్హతలూ ఒకటే ఉంచి, పేర్లు మాత్రం మార్చి ప్రైవేటు కంపెనీలకు దరఖాస్తులు పంపి చూశారు. అగ్రకులపు పేరుకు పిలుపొచ్చే అవకాశం 1 అనుకుంటే దళిత పేరుకు 0.67, ముస్లిం పేరుకు 0.33 అని తేలింది. ఆ అంకెలు చదివి మా మిత్రులు మండిపడ్డారు. నాకు నోరు రాలేదు. అట్లాంటి అంకె ఎట్లా తయారవుతుందో నా చేతికి తెలుసు.

వ్యవస్థ చేయించింది, నీ తప్పేముందని కొందరన్నారు. చేయించింది వ్యవస్థే, కాదనను. కాని పెన్ను పట్టుకున్నది నేను. అన్నీ వ్యవస్థ మీదికే తోసేస్తే నేనూ టేలర్ చెప్పిన ఎద్దునే అవుతాను గదా, తోలినట్టు నడిచే ఎద్దును! నన్ను నేను మనిషిననుకుంటే ఆ తప్పు నాదని ఒప్పుకోవాలి.

మా అమ్మ రెండో మాటకు ఇప్పుడు జవాబు చెప్పగలను. మనవాళ్లు మేస్త్రీలు కావాలి. ప్రైవేటులో రిజర్వేషన్లు అడగాలి, ఆ కుర్చీల్లో కూర్చోవాలి. అందులో నాకు అనుమానం లేదు. అయితే భయంతో కూర్చున్నవాడు పాత మేస్త్రీ కొలతతోనే కొలుస్తాడు. నేనట్లాగే కొలిచాను. నేనెవరో చెప్పుకుని కూర్చోగలిగినప్పుడే ఎదుటివాడు చెప్పేది వినగలను.

ఆ చదువుతో ఉద్యోగానికి పోలేదు. బీఎడ్ చేసి, డీఎస్సీ రాసి పంతులునయ్యాను. అక్కడా ఆ పేరు తప్పలేదు. 1985లో కేంద్రంలో విద్యా శాఖ మానవ వనరుల అభివృద్ధి శాఖగా మారింది. 2020లో మళ్లీ విద్యా శాఖయింది. నా చదువంతా ఆ పాత పేరు కిందే గడిచింది. పేరు పోయింది గాని చూపు పోయిందా? మొన్నామధ్య మా స్కూలుకు అధికారులొస్తుంటే స్వాగతం చెప్పడానికి ఒక పిల్లను, బల్లలు మోయడానికి నలుగురు పిల్లల్ని పిలిచాను. పిలిచాక చూసుకుంటే ఆ నలుగురూ కాలనీ పిల్లలే. ఏరడం నాకింకా పోలేదు. బల్లలు అందరిచేతా మోయించాను. ఆ నలుగురిలో ఒకణ్ణి మాట్లాడమన్నాను. తడబడుతూనే, వాళ్లమ్మ మిరపకాయల కోతకు పోయే సంగతి చెప్పాడు. అందరం విన్నాం.

ఆ దరఖాస్తులోని పేరు నాకింకా గుర్తుంది. ఇక్కడ రాయను. తమ్ముడూ, ఎక్కడైనా ఇది నీ కంటపడితే తెలుసుకో. నీ మాట వినకుండానే నీకు మాట రాదని రాసినవాడు వేరే కులపోడు కాదు. నీలాంటి హాస్టల్లో అన్నం తిన్నవాడే.