వంశవృక్షంలో ఖాళీ గడి

ప్రబంధాల అవతారికలలో కృతిపతుల వంశవర్ణన పాఠం చెప్పి చెప్పి అలవాటుపడినవాణ్ణి. అందుచేత అమెరికా దక్షిణ రాష్ట్రాలలో పందొమ్మిదో శతాబ్దపు కుటుంబాలను ఎలా వెతుకుతారో చదివినప్పుడు మొదట నాకు వింత తోచలేదు. 1850 నుంచి జనాభా లెక్కలలో స్వతంత్రులందరి పేర్లూ వున్నాయి. కలిగినవారికి పాలరాతి సమాధులున్నాయి. ఇక కష్టమేమిటి?

కాని 1850లోనూ 1860లోనూ బానిసలకు వేరే జాబితా రాశారు. అందులో పేరు యజమానిది. దాని కింద వయస్సు, ఆడో మగో, వర్ణం. వర్ణం గడిలో రెండు గుర్తులు: నల్లవారికొకటి, మిశ్రమ రక్తం వారికొకటి. ఆ రెండవ గుర్తుతో నాలుగేళ్ల పిల్ల వుంటే తండ్రి ఎవరు? ఆ యజమానే కావచ్చు. ఆ పిల్ల అతని బిడ్డా, ఆస్తా? కాగితం ఆస్తి అంటున్నది.

1870లో గాని విముక్తులందరి పేర్లూ లెక్కకెక్కలేదు. అంతకు వెనక్కి పోదలచిన మనుమడు తన తాతను కొన్నవాడి వీలునామాలే తిరగెయ్యాలి. సమాధులా? చాలాచోట్ల అక్షరం లేని నాటురాళ్లు, కొన్నిచోట్ల గవ్వలు.

ఆధారం లేనిది రాయరాదంటారు. నేనూ విద్యార్థులకు అదే చెబుతాను. అయితే ఆ ఆధారం లేకపోవడం గుమాస్తా మరపు కాదు. మొదటి ముసాయిదాలో బానిసల పేర్లు అడిగారు; 1850లో సెనేటులో దక్షిణాది సభ్యులు అభ్యంతరపెట్టి తీయించారు. పేరు స్థానంలో అంకె వచ్చింది.

ఆ పిల్లకొక పేరు కల్పించమనను. యజమాని వంశవృక్షం గీసేవాడు అక్కడొక ఖాళీ గడి వదిలి, అది ఎందుకు ఖాళీ అయిందో పక్కన రాయమంటాను.