భారము మోయు కాలు



మన ప్రభువు ఒక విశ్రాంతిదినమున పరిసయ్యుల అధికారి యింట జలోదర రోగిని స్వస్థపరచి, అచ్చటివారిని ఒక ప్రశ్న అడిగిన సంగతి లూకా సువార్త 14వ అధ్యాయములో చదువుచున్నాము. బావిలో పడిన యెద్దును, విశ్రాంతిదినమని చెప్పి, మరునాటి వరకు ఎవరైన విడిచిపెట్టుదురా అనునది ఆ ప్రశ్న సారాంశము. అచ్చట ఎవరికిని నోరు పెగలలేదు.

మన సింగరేణి ప్రాంతములో గనిని బాయి అనియే పిలుచుకొందుము. బాయిలో దిగుట, బాయి నుండి క్షేమముగా పైకి వచ్చుట అను మాటలు మన యిండ్లలో దినదినము వినబడునవే. కావున ఈ వాక్యము మనకు మిక్కిలి దగ్గరిది. అయితే పైకి తీసిన తరువాత ఆ యెద్దు సంగతి యేమి? దాని కాలికి పెద్ద గాయమైయుండినచో ఏమి చేయవలెను? పైకి తీయుట ఒక గడియ పని. మరల నిలువబెట్టుట అనేక దినముల పని. ఈ నెల ఈ రెండవ పనిని గూర్చి మనము ధ్యానింతము. ఇందుకు ఒక గుర్రపు పిల్లను ఉదాహరణగా తీసికొందము.

గోదావరిఖని, రామగుండము వంటి మన పట్టణములలో పెండ్లి ఊరేగింపులకు గుర్రమును తెచ్చుట చూచుచున్నాము. అట్టి గుర్రమును పెంచు ఒక యింట వయసు రాని పిల్ల యున్నదనుకొందము. అది ఒకనాడు తీగలో కాలు చిక్కించుకొనును. మరియొకనాడు గుంటలో పడును. చివరకు మోకాలి దిగువ ఎముక కనబడునంత గాయమగును. అప్పుడు ఇరుగుపొరుగువారు, “దీని సుడి మంచిది కాదు, ఎంతకో కొంతకు అమ్మివేయుము” అందురు. ఇట్టి సమయమున యజమాని నేర్చుకొనవలసిన పాఠములు మూడు గలవు. అవి మన సంఘమునకును పాఠములే.

మొదటిది, సుడిని నిందింపక కారణమును వెదకవలెను. గుర్రపు కన్నులు తలకు రెండు ప్రక్కల నుండును. అందుచేత సరిగా నుదుటి ముందరిది, తోక వెనుకటిది దానికి కనబడదు. భయపడినప్పుడు అది ముందు పరుగెత్తి తరువాత చూచును. పిల్లకైతే కాళ్లు పొడవు పెరిగినను నిలకడ యింకను రాలేదు. కంటిలో దోషమున్నదేమో, గిట్టలో నొప్పియున్నదేమో డాక్టరుచేత చూపించవలెను. దొడ్డిలో ఇనుప తీగ, తెగిన రేకు, మూతలేని గుంట ఉన్నవేమో యజమానియే వంగి చూడవలెను.

గని కుటుంబములవారికి ఈ మాట క్రొత్తది కాదు. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్.ఇ.పి. గనిలోనికి నీరు విరుచుకుపడి 17 మంది కార్మికులు ప్రాణములు కోల్పోయిరి. అట్టి సమయమున ఆ మృతుల జాతకములను చూచుట ఎవరికి మేలు? నీరు ఎచ్చటనుండి వచ్చెను, దానిని ఏది ఆపియుండెడిది అని అడుగుటయే బ్రదికియున్నవారిని కాపాడును. పుట్టు గ్రుడ్డివానిని చూచి, ఇది ఎవరి పాప ఫలమని శిష్యులు అడిగినప్పుడు, యేసు ఆ లెక్కలోనికి పోక, నేలపై ఉమ్మివేసి బురద చేసి అతని కన్నులకు పూసెను. పడినవాని నుదుటి వ్రాతను చదువువారు మన ఊళ్లలో చాలమంది యున్నారు. వాని దారిలోని తీగను తీసివేయువారు కొద్దిమందియే.

రెండవది, మాను కాలమును మనము తొందరపెట్టలేము. గాయమైన వెంటనే పిల్లను నడిపింపక, శుభ్రమైన గుడ్డతో అదిమి రక్తము ఆపి, పశువుల డాక్టరును పిలువవలెను. మన రాష్ట్రములో 1962 నంబరునకు ఫోను చేసినచో పశువుల అంబులెన్సు వచ్చు ఏర్పాటు గలదు. గాయములో బూడిద గాని, బండి నూనె గాని పోయరాదు. ధనుర్వాతము పశువులన్నిటిలో గుర్రమునకే సులభముగా పట్టును గనుక దాని సూదిమందు మరువరాదు. మోకాలి దిగువ గుర్రమునకు కండ లేదు; తోలు, నరములు, ఎముక మాత్రమే. అందుచేత అచ్చటి గాయము మెల్లగా మానును. ఒక్కొక్కసారి అదనపు మాంసము పైకి పెరిగి తోలును కలియనీయదు. డాక్టరు దానిని కోసి, మరల కట్టు కట్టవలసి వచ్చును. పని లేక నిలిచియున్న గుర్రమునకు ఉలవలు, దాణా తగ్గించి గడ్డి, నీరు సమృద్ధిగా పెట్టవలెను. ఒంటరితనమునకు అది బెదరును గనుక కంటికి కనబడునట్లు మరియొక గుర్రమునైనను, మేకనైనను కట్టవలెను. డాక్టరు చెప్పిన తరువాతనే పగ్గము పట్టుకొని కొన్ని నిమిషములు నడిపించి, వారము వారము ఆ నిమిషములను పెంచవలెను.

ఏశావు కలిసి పోదము రమ్మని పిలిచినప్పుడు యాకోబు ఏమి చెప్పెనో ఆదికాండము 33వ అధ్యాయములో చూడుడి. తన పిల్లలు పసివారనియు, పాలిచ్చు పశువులను ఒక్క దినము వడిగా తోలినను మంద నశించుననియు చెప్పి, వాటి నడకకు తగినట్లు మెల్లగా వచ్చెదననెను. త్రాగుడు మానిన యౌవనుడు ఒక నెలలో మరల జారినచో, ఇక వాడు మారడని మనము తీర్పు తీర్చవచ్చునా? కట్టు మరల కట్టవలసినది గుర్రమునకు మాత్రమేనా?

మూడవది, మేము ముఖ్యముగా చెప్పగోరునది, గాయపడని కాలును గూర్చి. అమెరికా దేశములో బార్బరో అను మూడేండ్ల పందెపు గుర్రము 2006 మే 20న పరుగు మధ్యలో కుడి వెనుక కాలు విరుగగొట్టుకొనెను. ఎముక ఇరువదికి మించిన ముక్కలాయెను. పేరుపొందిన డాక్టర్లు శస్త్రచికిత్స చేసి 27 మరలతో దానిని బిగించిరి. విరిగిన ఎముక చాలవరకు అతికినది. అయితే ఆ దినములన్నియు శరీర భారమును మోసిన ఎడమ కాలి గిట్ట లోపల వాపు పుట్టి పాడాయెను. తరువాత ముందరి కాళ్లకును ఆ వ్యాధి సోకెను. 2007 జనవరి 29న, బాధ భరింపరానిదగుటచేత, డాక్టర్లు దానిని శాశ్వత నిద్రలో పెట్టిరి. అందుకే తెలిసిన డాక్టరు దినదినము గాయపు కాలుతో పాటు మంచి కాలి గిట్టను కూడ తాకి చూచును. దాని క్రింద మెత్తని ప్రక్క వేయించును.

ప్రియులారా, గనిలో నడుము విరిగి మంచము పట్టిన తమ్ముని చూచుటకు పండ్లు తీసికొని పోవుదుము. ప్రార్థన చేసి వచ్చెదము. తలుపు దగ్గర నిలిచిన అతని భార్యను, “అమ్మా, నీవు తింటివా? నిద్రపోయి ఎన్ని దినములైనది?” అని అడుగుచున్నామా? ఆమెయే ఆ యింటి భారము మోయు కాలు. ఆమెకు నొప్పి లేదని కాదు, ఆమె చెప్పదు. అమాలేకీయులతో యుద్ధమున మోషే చేతులు బరువెక్కినప్పుడు, అహరోను, హూరు ఆయనను రాతిమీద కూర్చుండబెట్టి, సూర్యుడు అస్తమించు వరకు ఇరుప్రక్కల ఆ చేతులను ఎత్తిపట్టిరి. ప్రార్థించు చేతులకే ఆదరువు కావలసివచ్చెను!

ఒకప్పుడు బ్రిటను బొగ్గు గనులలో గుర్రములు టబ్బులు లాగెడివి. 1911 నాటి చట్టము నాలుగేండ్లు నిండని గుర్రమును గనిలోనికి దింపరాదనియు, 15 గుర్రములకు ఒక కాపరి యుండవలెననియు విధించెను. జాలి పడుమని చెప్పి చట్టము ఊరకుండలేదు. ఎవరు చూడవలెనో నియమించెను. మన సంఘములును అట్లే చేయవచ్చును. పదిహేను యిండ్లకు ఒక సహోదరియో సహోదరుడో నియమింపబడి, గాయపడినవారిని, వారిని మోయుచున్నవారిని వారమునకొకసారి చూచి రావలెను. ఈ నెలలో ఒక రాత్రి ఆసుపత్రిలో ఆ తల్లికి బదులుగా కూర్చుండి, ఆమెను ఇంటికి పంపి నిద్రపోనిండు.

ప్రార్థన: మంచి కాపరివైన ప్రభువా, విరిగినదానిని కట్టుటకు మాకు చేతులనిమ్ము. మెల్లగా మానువారియెడల మాకు ఓపికనిమ్ము. మౌనముగా భారము మోయుచున్నవారిని చూచుటకు మా కన్నులు తెరువుము. ఆమేన్.