కారణమును సమర్థనమును

కథలోని మనుష్యులనుగూర్చి వాదించుకొనుట మనవారికి క్రొత్త గాదు. పురాణము ముగిసి శ్రోతలు లేచిన పిమ్మట అరుగులమీద మొదలైన వాదము నడిరేయివఱకు సాగిన దినము లెన్నియో కలవు. ఇప్పుడు పురాణపీఠముపై టెలివిజను పెట్టె కూర్చున్నది. వాదము మాత్రము మానలేదు.

1988వ సంవత్సరము అక్టోబరు 2వ తేదీన దూరదర్శన్‌వారు 'మహాభారత్' అను హిందీ నాటకము నారంభించి, 1990 వఱకు ఆదివారపు ప్రాతఃకాలములయందు ప్రసారము చేసిరి. బి. ఆర్. చోప్రాగారు దానిని నిర్మించిరి. రాహీ మాసూమ్ రజాగారు సంభాషణములు వ్రాసిరి. ఇంటింట పెట్టెలు లేని దినములగుటచే, పెట్టె యున్న యింటికి ఇరుగుపొరుగు లందఱును చేరెడివారు. కథ ముందే యెఱిగినవా రగుటచే హిందీ రాని మనవారును వెనుకబడలేదు. 2020లో జనులు ఇల్లు కదలరాని కాలమున ఆ నాటకమే మరల ప్రసారమైనప్పుడు, నాడు బాలురై చూచినవారు తమ బిడ్డలను ప్రక్కను కూర్చుండబెట్టుకొని చూచిరి. అప్పుడు మేమొక బంధువుల యింట చిక్కుకొని యుంటిమి. ఒకనాడు ద్యూతసభాఘట్టము ముగిసినది. వెంటనే ఆ యింట చర్చ మొదలైనది.

ఒకరు, "కర్ణుని తప్పేమి? స్వయంవరమున సూతపుత్రుడవని ఆమె నిండుసభలో వానిని త్రోసిపుచ్చలేదా?" అనిరి. వేఱొకరు, "దుర్యోధనుడు మాత్రము ఊరక పగబట్టెనా? గ్రుడ్డివాని కొడుకు గ్రుడ్డివాడని ఆమె నవ్వలేదా?" అనిరి. మఱియొకరు, "అంగరాజ్య మిచ్చిన మిత్రుని యుప్పు తిన్నవాడు ఆ మిత్రుని కాదని యెట్లు నిలుచును?" అనిరి. ఆ యింటి కోడలు వాకిలికడ నిలిచి యంతయు విని, "అయితే మామయ్యగారూ, చీర లాగించుటకు ఇవి చాలునా?" అని యడిగెను. "చాలునని నేనంటినా అమ్మా? కారణము చెప్పితిని, అంతే" అని ఆ పెద్దాయన బదులు చెప్పెను. ఆమె మాఱుమాటాడక లోనికి పోయెను. కాని ఆ 'కారణము' అను మాట మమ్ము విడువలేదు.

ముందుగా ఒక సంగతి యొప్పుకొందము. పాత్రల మనసులలోనికి తొంగిచూచుట చెడ్డ యలవాటు గాదు. దుష్టుడని పేరుపడినవానికిని ఒక బాల్యము, ఒక యవమానము, ఒక స్నేహము ఉండునని తెలిసికొనుటయే దయకు మొదటి మెట్టు. 1977లో నందమూరి తారక రామారావుగారు 'దానవీరశూరకర్ణ' చిత్రమును నిర్మించి, కర్ణ దుర్యోధన కృష్ణుల వేషములు మూడును తామే ధరించినప్పుడు, దుర్యోధనుని దుఃఖముకూడ తెలుగు ప్రేక్షకుల కంట నీరు తెప్పించినది. అది తప్పని మేమనము. ఎదుటివాని మనసు తెలియనివాడు న్యాయము చెప్పజాలడు. అయితే, మనసు తెలిసినంతమాత్రమున న్యాయము చెప్పినట్లగునా? మా ప్రశ్న యిది.

మొదట, చెప్పిన కారణము నిజమా యని చూడవలెను. మయసభలో దుర్యోధనుడు నీట పడినప్పుడు నవ్వినవారు భీముడును, అతని తమ్ములును, పరిజనులును అని వ్యాసభారతమున కలదు. ద్రౌపదియు స్త్రీలతో గూడి నవ్వెనని దుర్యోధనుడు తరువాత తండ్రితో మొఱపెట్టుకొనెను. ఆమె నవ్వునకు సాక్షి పగబట్టినవాడే. గ్రుడ్డివాని కొడుకను మాట యామె నోట అక్కడ లేనే లేదు. ఇక, సూతుని వరింపనని ఆమె పలికిన మాట కొన్ని వ్రాతప్రతులలో కలదు గాని, పూనా భండార్కర్ ప్రాచ్యపరిశోధన సంస్థవారు నానాప్రాంతముల ప్రతులను పోల్చి, 1919లో పూని 1966 నాటికి ముగించిన సంశోధితభారతమున మూలపాఠమునందు దానికి స్థానము దొరకలేదు. పాఠకులు గమనింపవలెను: వాదమునకు ఆధారములైన మాటలు రెండును కాలక్రమమున ఆ స్త్రీ నోటనే చేర్పబడినవి. పురుషుని నేరమునకు మూలము స్త్రీ నాలుకయందు కనబడవలెనను కోరిక యెంత బలమైనదనగా, మూలమున లేనిదానినికూడ అది కల్పించుకొన్నది.

సరే, ఆ మాట లామె యన్నదనియే యనుకొందము. అప్పుడైనను ఏమి తేలును? కారణము, 'ఇది యెట్లు జరిగెను?' అను ప్రశ్నకు బదులు. సమర్థనము, 'ఇది జరుగవచ్చునా?' అను ప్రశ్నకు బదులు. మొదటి ప్రశ్నకు బదులు చెప్పి రెండవదానికిని చెప్పితిమనుకొనుటయే మనవారి పొరపాటు. నిప్పురవ్వ పడి గడ్డివామి కాలినదని చెప్పుట కారణము. కావున కాలుటయే న్యాయమని యెవరును చెప్పరు. మనుష్యుడు గడ్డి కాడు. అవమానము వినిన పిమ్మట మండుటయో మానుటయో వాని చేతిలో నున్నది. కర్ణుడు గాయపడెను గనుక అట్లు చేయక తప్పదని వాదించువారు, వానిపై ప్రేమచేతనే వానిని గడ్డివామిగా చేయుచున్నారు.

ఉప్పు తిన్న ఋణమో? దానికి బదులు ఆ సభలోనే కలదు. వికర్ణుడు ధృతరాష్ట్రుని కుమారుడు, దుర్యోధనుని తమ్ముడు. భీష్మద్రోణులు నిలిచియు పలుకలేని చోట, తన్నోడిన పిమ్మట ధర్మరాజునకు ఆమె నొడ్డు నధికారము లేదనియు, ఆమె గెలువబడలేదనియు అతడు లేచి పలికెను. వానిని బాలుడని త్రోసివేసి, వస్త్రములు తీయుమని దుశ్శాసనుని పురికొల్పినవాడు కర్ణుడు. వికర్ణుడు తరువాత అన్న పక్షముననే యుద్ధము చేసి భీమునిచేత కూలెను. తన ప్రాణమును అన్నకిచ్చెను. తన నాలుకను మాత్రము అధర్మమున కీయలేదు. ఋణము తీర్చు మార్గము వేఱొకటి కలదని ఆ సభలోనే ఒకడు చూపగా, కర్ణునికి మార్గము లేదనుట యెట్లు?

అన్నిటికంటె గొప్ప సాక్షి కర్ణుడే. ఉద్యోగపర్వమున కృష్ణునితో నేకాంతముగా మాటాడునప్పుడు, దుర్యోధనుని ప్రీతికొఱకు పాండవులను కటువుగా పలికితిననియు, ఆ పనికి నేడు పరితపించుచున్నాననియు అతడు చెప్పుకొనెను. ఇచట కారణము కలదు: మిత్రుని ప్రీతి. దాని వెంటనే పరితాపమును కలదు. కారణమును అతడు కవచముగా తొడుగుకొనలేదు. అభిమానులు అతనికీయజూచు క్షమను అతడే తనకు తానిచ్చుకొనలేదు. మా దృష్టిలో కర్ణుడు గొప్పవాడగు చోటు లలో ఇదియొకటి. అతనిని సమర్థించువారు ఈ చోటునే వానినుండి లాగికొనుచున్నారు.

ఇది యంతయు కథ గదా, దీనివలన నష్టమేమని యడుగవచ్చును. పై చర్చ జరిగిన రెండు దినములకే ఆ వీధిలో నొక యింట భర్త భార్యను కొట్టిన వార్త వచ్చినది. ఆ గదిలోనే, ఆ పెద్దలే, మొదట నడిగిన ప్రశ్న, "ఆవిడ యేమన్నదట?" అని. దెబ్బ యెక్కడ తగిలినదని యడిగినవారు లేరు. గృహహింసనుండి స్త్రీలను రక్షించుటకు 2005లో చట్టము పుట్టినది. కాని బాధితురాలు కచ్చేరి చేరుటకు ముందే ఇట్టి అరుగు లెన్నియో దాటవలెను. ప్రతి యరుగుమీదను ఆ ప్రశ్నయే కాచుకొని యుండును. నాటకము చూచి నేర్చిన తీర్పు నాటకముతో ముగియదు. అది కంటికి అలవాటై, పొరుగింటి యేడుపును ఆ కంటితోనే చూపించును.

కావున వాదము మానుమని మేము చెప్పము; సరిగా వాదింపుమని చెప్పుదుము. కారణము చెప్పినప్పుడు అది నిజమా యని యడుగుడు. నిజమైనచో, జరిగిన పనికి అది సరితూగునా యని యడుగుడు. ఆ స్థితిలోనే యుండి వేఱుగా నడచినవారు లేరా యని యడుగుడు. అటుపిమ్మట జాలిపడుడు, అప్పటి జాలి యెవరికిని అన్యాయము చేయదు.

నాటి సభలో ద్రౌపది యడిగిన ప్రశ్నకు, ధర్మము సూక్ష్మమని చెప్పి భీష్ముడు తప్పుకొనెను. ఆ యింటి కోడలు వాకిలికడ నిలిచి యడిగిన ప్రశ్న సూక్ష్మమైనది గాదు. మామగారేకాదు, ఆ గదిలో కూర్చున్న మేమును బదులు చెప్పలేదు. ఈ వ్యాసము ఆలస్యముగా చెప్పిన ఆ బదులు: చాలవమ్మా, చాలవు.